గ్రేసీ తక్కువ తింటుందట

జూలై 3, గురువారం

నోటీసు వచ్చింది. కూతురికి ఇవ్వాల్సిన మెయింటెనెన్స్, ఏడు నెలల బాకీ. ఓవర్‌టైమ్ ఆగిన నెల నుంచే నేనూ ఆగాను — అది కోర్టుకెవరు చెబుతారు? పదిహేడున సెలవు కావాలి, మెయింటెనెన్స్ కేసుంది అంటే సూపర్‌వైజర్ హడలిపోయాడు. "క్రేన్ గొడవ కోర్టుదాకా పోయిందా?" గార్డెన్ రీచ్ ఓడల షెడ్డులో నా పనే క్రేన్ల మెయింటెనెన్స్ మరి. విడిపోయిన భార్య పేరు కరుణ, కూతురి పేరు గ్రేసీ. రెండింటికీ అర్థం దయే. నాకు మాత్రం నోటీసు.

జూలై 4

ఖిదిర్‌పూర్. జిరాక్సు కొట్టు మీద గదిలో ఉకిల్‌బాబు — ఇక్కడి బెంగాలీలు వకీలుని అలాగే అంటారు. "దాదా, ఇకముందు ఇచ్చేది తగ్గించమని అడగొచ్చు. పాత బాకీ మాఫీ కావాలంటే పాప తల్లి ఒప్పుకోవాలి." కారణాలు చెప్పమన్నాడు. ఓవర్‌టైమ్ లేదన్నాను. ఇంకా? అమ్మ మందులు. ఇంకా? ఏమీ తోచక, "చిన్నపిల్ల, ఏమంత తింటుంది బాబూ" అన్నాను. ఆయన ముఖం వెలిగిపోయింది. ఇంగ్లీషులో టకటకా కొట్టించాడు. చూపించిన చోటల్లా సంతకం పెట్టాను. కింద కరుణ సంతకానికి ఖాళీ.

జూలై 6, ఆదివారం

బాకీ పడ్డాక చర్చికి వెళ్లడం ఇదే మొదలు. కరుణ ఆడవాళ్ల వైపు, మూడో బెంచీ. ప్రార్థనలో అప్పులు క్షమించమనే మాట దగ్గర గొంతు పెంచాను — ఆవిడ చెవిన పడాలని. అందరూ ఠక్కున ఆగారు. అప్పుల దగ్గర నేనొక్కణ్ణే గావుకేక. వెనక నుంచి మరియమ్మ పిన్ని: "ఏటిరా, దేవుడికేటి సెవుడా?" తల కొట్టేసినట్టయింది. కరుణ తిరిగి చూడలేదు. భుజాలు మాత్రం కదిలాయి. నవ్వే. ఆ భుజాలు నాకు తెలుసు.

జూలై 7

కరుణే ఫోన్ చేసింది. "నీ అరుపు ఇన్నాన్లే. మాఫీ సెయ్యడానికి ఆ డబ్బు నాదేటి? గ్రేసీది. దాన్నే అడుగు. అది సరేనంటే నాను సంతకం పెడతాను." పదమూడేళ్ల పిల్లని అడగాలట! పైకి విసుక్కున్నాను. లోపల సంబరం... పిల్ల నాన్న కూచి.

జూలై 9

వాన. అద్దం ముందు రెండుసార్లు అభ్యాసం. "అమ్మా గ్రేసీ..." అని మొదలుపెడితే అచ్చం బిచ్చగాడి గొంతు.

జూలై 13, ఆదివారం

చర్చి బయట గ్రేసీకి ఎగ్ రోల్ కొనిపెట్టాను. తింది. ఇంకోటి అడిగింది. అది సగంలో ఉండగా కాగితం తీశాను. తెలుగు కూడబలుక్కుంటుంది గాని ఇంగ్లీషు గడగడా చదివేస్తుంది — ఆ సంగతి నాకు ముందు తడితేనా! వేలు పెట్టి చదువుతూ ఒకచోట ఆగింది.

"నాన్నా, నాను తక్కువ తింతానని రాసినారేటి?"

చేతిలో రోల్. నాకు నవ్వాగలేదు. తనూ నవ్వింది. నోట్లోది మింగి అడిగింది: "నానెంత తింతానో నీకెలా తెలుసు?"

కోపంగా కాదు. తెలుసుకుందామనే అడిగింది. నాకు గుర్తున్నది మేం విడిపోయిననాటి ఎనిమిదేళ్ల పిల్ల, ఇడ్లీలో సగం పిచ్చుకలకి పెట్టేసేది. ఆ తర్వాత ఒక్క పూటైనా దాని పక్కన కూర్చుని అన్నం తినలేదు. చచ్చేంత సిగ్గేసింది. మాఫీ సంగతి అడగడమే మరిచిపోయాను.

జూలై 15

ఉకిల్‌బాబుకు ఫోన్. తిండి ముక్క కొట్టేయమన్నాను. "దాదా, ఉన్నవాటిలో గట్టి పాయింటు అదొక్కటే!" ఏడ్చినంత పని చేశాడు. రేపటిదాకా ఆలోచించుకోమన్నాడు.

జూలై 16, బుధవారం

కరుణకు ఫోన్ చేశాను. గ్రేసీ పూటకి ఎంత తింటుంది?

"రెండు మార్లు పెట్టించుకుంతాది. సేపల పులుసైతే నాకు మిగల్దు. ఏటి, ఇదీ కోర్టుకేనా?"

కాదన్నాను. నమ్మిందో లేదో.

రేపు ఆలీపూర్ కోర్టు. తిండి ముక్క సంగతి ఉకిల్‌బాబుకు ఇంకా తేల్చి చెప్పలేదు. పాప ఎంత తింటుందని జడ్జిగారు అడిగితే ఇప్పుడు నాకు తెలుసు. చెప్పానా, ఒక్క పైసా తగ్గించరు. చెప్పకపోతే, గ్రేసీ తక్కువ తింటుందన్న కాగితం కింద నా సంతకం అలాగే ఉంటుంది...