వలంటీర్ బ్యాడ్జీ

ఆగస్టు 6
ఫైనలియర్‌లో మొదటి కంపెనీ రేపు వస్తోంది. కాల్ సెంటర్. నాకు అక్కర్లేదు. నాకు కావాల్సింది గేర్‌బాక్సులు డిజైన్ చేసే కంపెనీ, అది ఇరవయ్యో తారీఖున వస్తుంది. మా మెకానికల్ నుంచి ఒక్కరినే తీసుకుంటుంది. కానీ ప్లేస్‌మెంట్ సార్ హుకుం ఏమిటంటే, మొదటి కంపెనీకి ఎగ్గొడితే మిగతా వాటికి రానివ్వడట. పోనీ వెళ్దామంటే, ఒక్క ఆఫర్ వచ్చిందా ఇక వేరే కంపెనీ గడప తొక్కకూడదట. ముందుకెళ్తే నుయ్యి, వెనక్కెళ్తే గొయ్యి.
సరే, వెళ్తాను. కావాలని ఫెయిలై వస్తాను.

ఆగస్టు 7
ఫెయిలవడం కూడా చేతకాలేదు నాకు.
తల దువ్వుకోకుండా వెళ్ళాను. ఐదేళ్ళ తరవాత ఎక్కడుంటావని అడిగితే ఇంట్లో అన్నాను. కస్టమర్ తిడితే ఏం చేస్తావంటే, ఫోన్ పెట్టేస్తానన్నాను. ఇంటర్వ్యూ చేసినావిడ పడీపడీ నవ్వింది. కాన్ఫిడెన్స్ బాగుందట. సెలెక్టెడ్!
నా ప్రాజెక్ట్ పార్ట్‌నర్, మేమంతా పొడుగు అని పిలిచేవాడు, మాత్రం ఇస్త్రీ చొక్కా వేసుకుని, జవాబులన్నీ బట్టీపట్టి వెళ్ళాడు. వాణ్ణి తీసుకోలేదు. అంటే ఇరవయ్యో తారీఖు ఇంటర్వ్యూకి వాడు వెళ్ళొచ్చు, నేను వెళ్ళకూడదు. మా ప్రాజెక్ట్ గేర్‌బాక్సు లెక్కలన్నీ చేసింది నేను. రిపోర్టుకి అట్ట వేసింది వాడు.

ఆగస్టు 8
కాలేజీ వాళ్ళు అమ్మకి మెసేజ్ పెట్టేశారు. నేను నోరు విప్పేలోపే పెద్దమ్మకీ, పిన్నికీ, కింద వాటా ఆంటీకీ కబురు వెళ్ళిపోయింది. చల్లగా ఏసీలో కూర్చుని మాట్లాడే ఉద్యోగమని మురిసిపోతోంది. నాకొద్దమ్మా అన్నాను. తిన్నావా అని అడిగింది.
ఆవిడ మీద అరవలేక దిండులో మొహం పెట్టి అరిచాను.

ఆగస్టు 10
ప్లేస్‌మెంట్ సార్ దగ్గరికి వెళ్ళాను. ఆ ఆఫర్ వదులుకుంటానని రాసిస్తానన్నాను. ఇంకొకళ్ళ నోటి దగ్గర కూడు లాక్కోవద్దని నీతులు చెప్పాడు. నేను లాక్కుంటున్నానట! వెనకాల గోడ మీద వందశాతం ప్లేస్‌మెంట్ అని బోర్డు. దాని మీద అప్పుడే నా ఫోటో. దువ్వుకోని తలతో.
ఉద్యోగం వచ్చినవాళ్ళు మిగతా కంపెనీలు వచ్చినప్పుడు వలంటీర్లుగా పనిచెయ్యాలి, అది మా కాలేజీ ఆనవాయితీ. ఇరవయ్యో తారీఖున నీళ్ళూ టీలూ నువ్వే చూసుకో అన్నాడు. పుండు మీద కారం చల్లడమంటే ఇదే.

ఆగస్టు 11
ఒళ్ళు మండుతోంది. ఇవాళ రాయను.

ఆగస్టు 17
పొడుగు వచ్చాడు. మన గేర్‌బాక్సు మూడో గేరులో ఎందుకు మోతపెడుతుందో చెప్పవా, ఇంటర్వ్యూలో అడుగుతారేమో అన్నాడు. సెమిస్టరంతా నా పక్కనే కూర్చున్నాడు వెధవ! పొమ్మన్నాను. మెట్లు దిగాక కిటికీలోంచి మళ్ళీ నేనే పిలిచాను. రెండుసార్లు చెప్పాను. అర్థం కాకపోయినా తలూపాడు.
నాకు వాడి మీద జాలేం లేదు. ఆ గేర్‌బాక్సు మాటెత్తితే నా నోరు ఆగదు, అంతే.

ఆగస్టు 20, ఉదయం
బ్యాడ్జీ ఇచ్చారు. ప్లాస్టిక్ కవర్లో పసుపు అట్టముక్క. వలంటీర్ అని ఉంది. నా పేరు లేదు.

ఆగస్టు 20, సాయంత్రం

తలుపు బయట నిలబడి అంతా విన్నాను. పొడుగుని మూడో గేరు గురించే అడిగారు. నూనె చాలక మోత వస్తోందన్నాడు. నూనె! అరికాలి మంట నెత్తికెక్కింది. వాడు బయటికి రాగానే తరవాతి వాణ్ణి పిలవాల్సింది నేనే. పిలవలేదు. నీళ్ళ ట్రే పట్టుకుని లోపలికి వెళ్ళాను, బల్ల మీద పెట్టాను, ఖాళీ కుర్చీలో కూర్చున్నాను.
"నూనె వల్ల కాదు సార్. షాఫ్టు సన్నగా ఉంది, లోడు పడితే వంగుతోంది. గేరు పళ్ళు ఒక పక్కనే కరుస్తున్నాయి."
ఇంటర్వ్యూ చేసేవాళ్ళిద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. నువ్వెవరమ్మా అని ఒకాయన అడుగుతుంటే, రెండో ఆయన, నెరిసిన జుట్టు పెద్దాయన, పెన్ను నా ముందుకి తోశాడు.
"గీసి చూపించు."
కాగితం కోసం కూడా చూడలేదు నేను. మెడలో ఉన్న బ్యాడ్జీ కవర్లోంచి తీసి, దాని వెనకే గీశాను. గీసి ముగించేసరికి ప్లేస్‌మెంట్ సార్ వచ్చి రెక్క పట్టుకుని బయటికి లాక్కొచ్చాడు.

ఆగస్టు 21
గోడ మీద నా ఫోటో పీకేశారు. కాల్ సెంటర్ ఆఫర్ కూడా సార్ రద్దు చేయించాడట. అమ్మకి నేనే చెప్పాను. తిన్నావా అంది.
బ్యాడ్జీ తిరిగిచ్చి పొమ్మన్నాడు ప్లేస్‌మెంట్ సార్. లేదన్నాను. నిన్న వెళ్తూ వెళ్తూ గేటు దగ్గర దాని మీద నా ఫోన్ నంబరు రాయించుకుని, పెద్దాయన జేబులో పెట్టుకుని వెళ్ళాడు.