పసుపు పెట్టిన కుర్తా

బుధవారం రాత్రి, పుంగనూరు

పొద్దున కొత్త కుర్తాను తిరిగి కవర్లో పెడుతుంటే అంచు మీద పసుపు చుక్క కనిపించింది. నేను స్నానానికి వెళ్ళినప్పుడు అమ్మ పెట్టినట్టుంది.

శుక్రవారం కుప్పం కాలేజీలో ఇంటర్వ్యూ కోసం ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న కుర్తా అది. ఫోటోలో మందపాటి నూలుబట్టలా కనిపించింది. వచ్చాక పుస్తకం మీద పరిచి చూస్తే కింద అక్షరాలు చదవగలిగాను. వెనక్కి ఇచ్చేద్దామనుకున్నాను.

వెనక్కి తీసుకోవడానికి వచ్చిన డెలివరీ ఆయన ఫోన్‌తో ఫోటో తీయబోయి, చుక్క చూసి తల అడ్డంగా ఊపాడు. "మరక ఉండాదమ్మా, తీసుకోరు."

"మరక యాడుండాదప్పా? అది పసుపు," అంది అమ్మ. "కొత్త గుడ్డకు పసుపు పెట్టకుండా ఎవురైనా తొడుక్కుంటారా?"

"మా అమ్మా పెడతాదిలేమ్మా. ఈ ఫోన్‌కు తెలీదు గదా!"

ఆయన వెళ్ళాక అమ్మ, "లోపల స్లిప్ వేసుకో. పసుపు పెట్టినాను, ఉద్యోగం వస్తాది సూడు," అంది. కోప్పడే ఓపిక కూడా లేదు. ఆ పల్చటి బట్టతో అంతమంది ముందు ఎలా కూర్చోవాలో...

నేను రోజూ బస్సులో పోయి రావచ్చని అమ్మ అనుకుంటోంది. ఉద్యోగం వస్తే కుప్పంలో హాస్టల్లోనే ఉండాల్సి వస్తుందని నేనింకా చెప్పలేదు.