ఎక్కం మధ్యలోంచి

అక్కకి, తమ్ముడి నమస్కారాలు.

ఇక్కడ నేను క్షేమంగానే ఉన్నాను. ఇది అలవాటు కొద్దీ రాసిన మాట. ఉత్తరం చివరిదాకా చదివి, మళ్ళీ ఒకసారి వెనక్కొచ్చి చూసుకో. బావ నడుంనొప్పి తగ్గిందని రాశావు, సంతోషం. మంచం మీంచే నిన్ను కేకలేస్తున్నాడంటే పూర్తిగా కోలుకున్నట్టే.

నా మోకాలు ఎలా ఉందని అడిగావు. ఉంది. పోయినసారి నాలుగు ముక్కలు రాసి ఊరుకున్నావేంట్రా అన్నావు. దానికి కాస్త ఆగి చెప్తాను.

ఫ్రెంచి వస్తోందా అన్నావు. వారానికి మూడు సాయంత్రాలు వెళ్తున్నాను. కూతురి వయసు టీచరమ్మ, నా వయసు బెంచీ. ఈ భాషలో ప్రతి క్రియకీ ఒక అసలు రూపం ఉంటుంది. అది ఎవరి సొత్తూ కాదు. నేను, నువ్వు, వాడు, మేము, మీరు, వాళ్ళు అని ఆరుగురూ వచ్చి మీద పడేసరికి, పెద్ద సంసారంలో కొత్తకోడలిలా ఒక్కొక్కరి దగ్గర ఒక్కోలా మారిపోతుంది. 'ఆపడం' అన్నదానికి అసలు రూపం 'అరెతే'. జరెత్, త్యు అరెత్, ఇలరెత్, నూజరెతోఁ... నువ్వు ఎక్కాలు నేర్పినట్టే రాగం కట్టి పట్టేశాను. ఏడెనిమిదులెంతరా అంటే ఏడొకట్ల ఏడు నుంచి ఎత్తుకునేవాణ్ణి, గుర్తుందా? మధ్యలోంచి అందుకుంటే బెత్తం తీసేదానివి. ఈ రోజుకీ నాకేదీ మధ్యలోంచి రాదు.

అక్కా, నాకు భయంగా ఉంది.

మేం హోటళ్ళ దుప్పట్లు ఉతికి ఇస్త్రీ చేస్తామని రాశాను కదా. వేడి రోలర్ల మధ్యకి ఒకవైపు నుంచి తడి దుప్పటి పెడతారు, రెండోవైపు నేను అందుకుని మడతపెడతాను. పెట్టే మనిషిని పొడుగాయన అంటాం. రోలర్ల మీదుగా ఆయన నాకు ఎదురుగానే కనిపిస్తాడు. రెండు వారాల కిందట, దుప్పటి అంచుకి ఎవరో వదిలేసిన పిన్నీసు ఆయన చొక్కా చేతికి తగులుకుంది. ఆయన చూసుకోలేదు. నేను చూశాను. మిషన్ ఆపే మీట పక్కనే మేస్త్రీ అటు తిరిగి నిలబడి ఉన్నాడు. 'ఆపండి' అని ఒక్క కేక వేస్తే చాలు.

'ఆపండి' అనేది ఆ వరసలో ఐదోది, 'మీరు' దగ్గర వస్తుంది. నేను మొదటిదైన జరెత్ నుంచి మొదలుపెట్టాను. నోట్లోనే. మూడోదానికి వచ్చేసరికి పొడుగాయన కేక వినిపించింది.

తరవాత టీచరమ్మని ఊరికే అడిగినట్టు అడిగాను. ఆ అసలు రూపమే గట్టిగా అరిచినా ఆపేవాళ్ళు అంది. అంతెందుకు, తెలుగులో 'ఓయ్' అన్నా మేస్త్రీ తిరిగి చూసేవాడు. అనలేదు. చేరిన మొదటి వారం నేను తెలుగులో అరిస్తే షెడ్డంతా నవ్వింది. మళ్ళీ నవ్వుతారని. ఇంతే అక్కా, ఇంకే కారణమూ లేదు.

చొక్కా చేతికి బొత్తాం పెట్టుకోకపోవడం పొడుగాయన తప్పని, ఆయన్ని పనిలోంచి తీసేయబోతున్నారు. ఆయన పెట్టుకున్నాడు. అది చూసింది నేనొక్కణ్ణే. నువ్వేమైనా చూశావా అని మేనేజరు అడిగితే తల అడ్డంగా ఊపాను. చూశానంటే, మరెందుకు అరవలేదంటారు. రేపు పదింటికి ఆఖరి విచారణ. మెట్ల మీద ఎవరి అడుగులు వినిపించినా నాకోసమే అనిపిస్తోంది. వీళ్ళ భాషలో భయం వెయ్యదట, 'ఉంటుంది'ట, గొడుగు ఉన్నట్టు. గొడుగైతే ఎక్కడో ఒకచోట మర్చిపోయి వచ్చేవాణ్ణి.

ఇవాళ ఆదివారం కదా, పొద్దున ఆయన గదికి వెళ్ళాను. కుడిచేతికి మోచేతిదాకా కట్టు. ఎడంచేత్తో నాకు కుర్చీ జరిపాడు. ఫ్రెంచిలో, సైగలతో నడిచిన మాటల్ని నీకు తెలుగులో రాస్తున్నాను.

"ఏంటి, పాఠం అప్పజెప్పడానికి వచ్చావా?" అన్నాడు.

"ఏం పాఠం?"

"ఆ రోజు నా వైపే చూస్తూ పెదాలు కదుపుతున్నావుగా. ఈ మహానుభావుడు మిషన్‌కి మంత్రాలు చదువుతున్నాడేంట్రా అని నవ్వొచ్చింది. నీ మొహమే చూస్తున్నా. చెయ్యి చూసుకోలేదు."

కుర్చీ ఆయనకి దగ్గరగా లాక్కున్నాను.

"మరి వాళ్ళకెందుకు చెప్పలేదు?"

"ఎటు చూస్తున్నావని అడిగారు. గుర్తులేదన్నా." కట్టు వైపు చూసుకున్నాడు. "నువ్వే చెప్తావనుకున్నా. రోజూ అనుకుంటున్నా."

తిట్టినా బావుండేది అక్కా. అడగాల్సింది అడిగాను.

"'నేను చూశాను' అనాలంటే మీ భాషలో ఎలా అనాలి?"

మందుల పెట్టె చింపి, ఎడంచేత్తో వంకరటింకరగా రాసిచ్చాడు. జే వ్యు. రెండే ముక్కలు.

"మిగతా ఐదుగురివీ రాయనా?" అన్నాడు.

"వద్దు. రేపు వెళ్ళేది నేనొక్కణ్ణే."

ఆ అట్టముక్క ఇప్పుడు నా జేబులో ఉంది. ఎందుకు అరవలేదని అడిగితే, నవ్వుతారని భయపడ్డానని అదీ చెప్పేస్తాను, వచ్చిన భాషలో. ఇది నీకు అందేసరికి నా ఉద్యోగం సంగతి తేలిపోయి ఉంటుంది. పోతే నీ దగ్గరికే వస్తాను. బెత్తం తీసి పెట్టు, ఈసారి మధ్యలోంచే అందుకోబోతున్నాను.

ఇట్లు,
ఏడొకట్ల ఏడు దాటని
నీ తమ్ముడు