పిట్ట ముట్టని సుషి

2 నవంబర్, ఆదివారం

సుషి అనే విదేశీ అన్నం ముద్దల వంట క్లాసులో చేరాను. మంకమ్మతోటలో ఒక మేడ మీద గది. ఐదుగురం ఆడవాళ్లం. నేర్పేది సుల్తానాబాద్ వెంకటేశ్. దుబాయ్ హోటల్లో ఎనిమిదేళ్లు ఇదే పని చేసి వచ్చాడట. నేర్చుకుంటే హోటల్లో ఉద్యోగం దొరుకుతుందని అత్తమ్మకు చెప్పాను. అబద్ధం. దుబాయ్ మనిషి కాబట్టి వెళ్లాను.

దుబాయ్ పోయిన మా ఆయన రాంచందర్ ఫోటో వెంకటేశ్‌కు చూపించాను. ఎప్పుడూ చూడలేదన్నాడు. దుబాయ్‌ల మనోళ్లు మస్తుమంది ఉంటరు రమక్కా, ఫికర్ చెయ్యకు అన్నాడు. మా ఆయన ఫోన్ స్విచాఫ్ అయి తొమ్మిది నెలలు. ఫికర్ చెయ్యొద్దట!

9 నవంబర్, ఆదివారం

అన్నంలో వెనిగర్, చక్కెర, ఉప్పు. చేతులు తడి చేసుకుని ముద్దను పొడుగ్గా నొక్కాలి. నా చేతికి గుండ్రంగానే వస్తోంది. లోపల మూడు సన్నటి కీర ముక్కలు, పైన నల్ల నువ్వులు. మా ఆయనకు కీర పడదు. పెరుగులో వేసినా ఏరి, కంచం అంచున వరుసగా పెడతాడు. ఎన్నిసార్లు తిట్టానో.

సరిగ్గా రానివి కిటికీ సజ్జ మీద పెట్టమన్నాడు వెంకటేశ్. కాకులు అందరివీ తిన్నాయి. నాది వదిలేశాయి. అక్కా, నీదాన్ని పిట్ట ముడ్తలేదు అని నవ్వాడు. నవ్వాక నాలుక కరుచుకున్నాడు. క్లాసులో మక్సూదా ఒక్కతే ఏమైంది, ఏమైంది అని అడిగింది. మెట్లు దిగుతుంటే క్లాసులోని కోమల ఆమెకు చెప్పింది. సచ్చినోళ్లకు పెట్టిన ముద్దను కాకి ముట్టాలె, మా దాంట్ల గట్లుంటది అని.

ముట్టలేదు కదా. అంటే బతికే ఉన్నాడు. ఆటోలో నాకు నవ్వొచ్చింది.

10 నవంబర్

ఇంట్లో చేసి పిట్టగోడ మీద పెట్టాను. ముట్టలేదు. హమ్మయ్య.

11 నవంబర్

ముట్టలేదు.

13 నవంబర్, గురువారం

అత్తమ్మ చూసింది. నా కొడుకు పాణంతోని ఉండంగ పిట్టకు పెడ్తవానే, నీ చెయ్యి పడిపోను అని ముద్దను మోరీలోకి విసిరింది. ముడ్తలేదు అత్తమ్మా, అందుకే పెడుతున్నా అని చెప్పాను. పోయినోళ్ల మనసుల ముచ్చట మిగిలితె గూడ పిట్ట ముట్టది అన్నది అత్తమ్మ.

నాకు తెలుసు. తెలిసే ఆ మాటను పక్కకు నెట్టాను. మా బాపు దినాల రోజు పిట్ట మధ్యాహ్నం దాకా దిగలేదు. నీ బిడ్డ పెండ్లి మేం చేస్తం అని శంకరవ్వ పెద్దమ్మ అన్నాకే దిగింది. ఆ బిడ్డను నేనే.

16 నవంబర్, ఆదివారం

క్లాసులో పది చేశాను. పదీ పొడుగ్గా, చక్కగా వచ్చాయి. చేతులు కడుక్కుని వచ్చి చూస్తే పళ్లెంలో పదకొండు. పదకొండోది దినాల ముద్దలా గుండ్రంగా ఉంది. నేను చెయ్యలేదు. వెంకటేశ్ రెండుసార్లు లెక్కపెట్టాడు. పక్క బల్ల దగ్గరికి పోయాడు.

18 నవంబర్

ఇక దాచి లాభం లేదు. ఆయన వెళ్లిన రోజు బస్టాండులో పోట్లాడుకున్నాం. పో, మల్ల ఇంటికి రాకు అన్నాను. అందరూ వింటుండగా. తర్వాత ఎన్నో ఫోన్లు మాట్లాడాం. కరెంటు గురించి, కూరల గురించి. ఆ ఒక్క మాట వెనక్కి తీసుకోలేదు. పొగరు. నాకు పొగరు. వచ్చినప్పుడు చెబుదాంలే అనుకునేదాన్ని.

19 నవంబర్, ఉదయం 7

ముద్ద పెట్టాను. మూడు కీర ముక్కలూ పెట్టాను. ఇది ఆయనకు పెట్టే ముద్ద కాదు కదా, సుషి కదా అని. కాకి వచ్చి దూరంగా కూర్చుంది. అత్తమ్మ కిటికీ చువ్వలు పట్టుకుని నిలబడింది. ఈసారి విసరలేదు.

బతికున్న మనిషికి చెప్పినట్టే చెప్పాను. తప్పైంది. ఇంటికి రా.

7.20

ముట్టింది.

మూడు కీర ముక్కలు మాత్రం ఏరింది. గోడ అంచున ఉన్నాయి. వరుసగా.