సైకిలు దిగను

ఉదయగిరి,
13-11-2025, గురువారం.

ఆత్మకూరులో పరిచర్య చేస్తున్న పాస్టర్ ఎడ్విన్ గారికి,

ఉదయగిరి హైస్కూలు పంతులమ్మ, తమరి సంఘం పుస్తకంలో పేరు లేనిది, తమరిని కన్నది అయిన సుకుమారి వందనాలు చెప్పి రాయునది. నా ఒళ్లు బాగుంది. ఎంత బాగుందో నువ్వే లోకానికంతా చూపించినావు కాబట్టి నేను వేరే రాయక్కర్లేదు. నువ్వూ దివ్యశ్రీ కూడా చల్లగా ఉండాలని కోరుకుంటున్నాను. ఇక్కడితో మర్యాదలు అయిపోయినాయి.

ఇంకొకరైతే ఫోన్లోనే తేల్చేసేదాన్ని. నీకు ఫోన్ చేస్తే నీ భార్య ఎత్తి, ఉపవాస కూడికల్లో ఉన్నారత్తమ్మా, ఫోన్ ముట్టుకోరు అంటుంది. మన చుట్టాల వాట్సాప్ గ్రూపులో రెండు ప్రశ్నలు అడిగినందుకు నన్ను గ్రూపులోంచి తీసేసినావు. పెళ్లిళ్లలో అలిగి లేచిపోయిన చుట్టాలని చూసినాను గానీ, కన్నతల్లిని బంతిలోంచి లేపిన కొడుకుని చూళ్లేదు. అందుకే ఈ కాగితం. మా లెక్కల సారు రమేష్‌బాబు రోజూ ఆత్మకూరు నుంచే బస్సులో వచ్చిపోతాడు, ఆయన చేతికిచ్చి పంపుతున్నాను. దీన్ని తీసెయ్యాలంటే చించాలి. చించేముందు చదువు.

తగువు వీడియో గురించి. ఆ రోజు ఆత్మకూరు డాక్టరు దగ్గరికి నువ్వే తీసుకుపోయినావు. నా మూడు నెలల షుగర్ పరీక్ష చూసి ఆయన ఎంత సంతోషపడ్డాడో నువ్వూ విన్నావు. ఒక మాత్ర సగం చేసి, మిగతావి అట్లనే వేసుకోండి మేడమ్, మానితే మళ్లీ మొదటికొస్తారు అన్నాడు. అదీ విన్నావు. బయటికి రాగానే ఫోన్ ఎత్తి, అమ్మా, దేవుడి గురించి రెండు మాటలు చెప్పు అన్నావు. నేనేం చెప్పినాను? దేవుడికి స్తోత్రం, నాకు షుగర్ బాగా తగ్గింది అన్నాను. పొద్దున్నే సైకిలు తొక్కుతున్నాను, రాత్రిపూట అన్నం మానేసినాను, మాత్రలు ఒక్కపూట తప్పకుండా వేసుకుంటున్నాను అన్నాను. డాక్టరు చెప్పకుండా ఎవరూ మందులు మానబాకండి అని కూడా అన్నాను. నువ్వేం చేసినావు? స్తోత్రం దగ్గర మొదలుపెట్టి, తగ్గింది దగ్గర కోసేసినావు. వెనకాల కీబోర్డు పెట్టించినావు. కింద పసుపు అక్షరాల్లో, మందులు చేయలేనిది ప్రార్థన చేసింది అని వేసినావు. చివర్లో నీ చెయ్యి, ప్రార్థన నూనె సీసా. నేను పిల్లలకి జీవశాస్త్రం చెప్పేదాన్ని. ల్యాబులో కప్పని కోయడం చూసినాను గానీ తల్లి మాటని ఇంత శుభ్రంగా కోసినవాణ్ణి ఇప్పుడే చూస్తున్నాను.

అమ్మకి విశ్వాసం తక్కువ అని ఈపాటికి అనుకుంటుంటావు. అనుకో. నేనూ ప్రార్థన చేస్తాను. గండిపాలెం దారిలో సైకిలు మీద ఎత్తు ఎక్కేటప్పుడు ప్రతి రోజూ చేస్తాను, అంత నిజాయితీగా నువ్వు స్టేజీ మీద చేస్తావో లేదో. ప్రార్థన మీద నాకు తగువు లేదు. తగువు కత్తెర మీద.

ఇంతకీ ఆ సైకిలు ఎట్లా వచ్చిందో నీకు సగమే తెలుసు. పోయినేడు బడిలో మేడ మెట్లెక్కితే ఆయాసం, కూర్చుంటే అరికాళ్ల మంటలు. డాక్టరు నడవమన్నాడు. ఉదయగిరిలో పంతులమ్మ నడిస్తే నడకవుద్దా? ప్రతి గడప దగ్గరా ఒక మాజీ విద్యార్థి, వాడికొక పెళ్లాం, మేడమ్ టీ తాగి పొండి అని. నడవడానికి పోయి చక్కెర టీలు తాగి వచ్చేదాన్ని. సైకిలైతే ఎవరూ ఆపలేరు గదా అనుకున్నాను. ఆత్మకూరులో సైకిళ్ల కొట్టుకి పోతే ఆ కొట్టాయన, పాపకా మేడమ్, ఎన్నో తరగతి అన్నాడు. పాపకే నాయనా, వచ్చే ఏడు యాభై మూడు నిండుతాయి, సీటు కాస్త వెడల్పుది చూడు అన్నాను.

మొదట్లో బస్టాండు దగ్గర నవ్వినారు. పెట్రోలు రేటు మేడమ్‌కి కూడా తగిలిందిరో అన్నారు. గొర్రెల పిచ్చయ్య ఒకడు, రోడ్డు నిండా మందని పెట్టుకుని, మేడమ్మా, బస్సుకైతే నా గొర్లు జరగతాయి, నీ సైకిలుకి జరగవు, అవి కూడా నిన్ను లెక్క జెయ్యడంలా అన్నాడు. ఇప్పుడు ఒక్కరోజు రాకపోతే, ఏంది మేడమ్మా, నిన్న కనబడలా, జరమా అని ఆపి అడుగుతాడు. వీళ్లతో నాకు పేచీ లేదు. నవ్వినవాళ్లు నవ్వడం అయిపోయినాక ఊరుకుంటారు. దిగమన్నవాళ్లతోనే పేచీ.

దిగమన్నది ఎవరు? మన స్త్రీల సమాజం. సుధారాణి అక్క ఇంటికే వచ్చింది. మొగుడు పోయినదానివి, పది మందికి చదువు చెప్పేదానివి, చుడీదారేసుకుని సైకిలెక్కితే సాక్ష్యం చెడదా చెల్లీ అన్నది. సంఘం ప్రేమవిందులో వద్దు వద్దంటున్నా నా ఇస్తరాకులో మూడోసారి బిర్యానీ వేసి, ప్రార్థించుకుని తింటే ఏం కాదులే అన్నది కూడా ఈ అక్కే. నాకు షుగర్ ఎక్కించడంలో చెడని సాక్ష్యం దాన్ని దించుకోవడంలో ఎట్లా చెడుద్దక్కా అని అడిగినాను. వందనాలు అని లేచిపోయింది. మీ అవ్వ వాళ్లమ్మ బైబిలు ఉమెన్‌గా చంకన సంచీ వేసుకుని ఒంటిగా ఊరూరూ నడిచి వాక్యం చెప్పింది. ఆ నడిచిన ఆడవాళ్ల వల్ల నిలబడిన సంఘంలో కూర్చుని, ఆడమనిషి రోడ్డు మీద కనబడకూడదంటే నేను వినాలా?

ఇంకొకటి నీకెప్పుడూ చెప్పలేదు, చెప్పే సందర్భం రాలేదు. మీ తాత వెంగయ్యకి సైకిలుండేది. కొండాపురం పక్కన మన పల్లెలోంచి బయటికి రావాలంటే పెద్దోళ్ల వీధి దాటాలి. మాలో ఎవరైనా ఆ వీధి మొదట్లో సైకిలు దిగాలి, చెప్పులు విప్పి చేత పట్టుకోవాలి, నడిపించుకుంటూ పోయి ఆ చివర మళ్లీ ఎక్కాలి. నేను వెనక క్యారేజీ మీద కూర్చునేదాన్ని, నన్నూ దించేవాడు. ఎందుకు నాయనా అంటే, ఇసకుందమ్మా, చక్రం జారద్ది అనేవాడు. ఆ వీధిలో ఇసక లేదు ఎడ్విన్. గట్టి కంకర రోడ్డు. అది తెలిసే వయసు వచ్చినాక ఆయన్ని మళ్లీ అడగలేదు. ఆయన్ని దిగమన్నది ఊరు. నన్ను దిగమంటున్నది సంఘం. ఆయనకి వేరే దారి లేదు, దిగినాడు. నాకుంది. నేను దిగను.

నువ్వు కూడా తక్కువ తినలేదు. మొదట్లో నువ్వేమన్నావు? అమ్మా, ఇక్కడ విశ్వాసులు అడుగుతున్నారు, చీకటితోనే తొక్కుకుని ఇంటికి చేరరాదా, ఎవరూ చూడరు అన్నావు. సైకిలు తొక్కేటప్పుడు అమ్మని దాచాలి. షుగర్ తగ్గినాక అమ్మని చూపించాలి. సైకిలు సిగ్గు, షుగర్ తగ్గడం మహిమ. రెండూ ఒకే ఒంటివి నాయనా. రాగి సంగటి తిన్నది ఈ నోరే, ఎదురుగాలికి తొక్కింది ఈ మోకాళ్లే. స్టాఫ్‌రూములో బజ్జీల పొట్లం విప్పితే కిటికీలోంచి దుర్గం కొండ చూస్తూ కూర్చున్నది నేనే. అదంతా కష్టం. దేవుడు ఇచ్చిన కష్టమే అను, ఒప్పుకుంటాను. అసలు కష్టమే పడలేదంటే ఒప్పుకోను.

సరే, నా పరువు ప్రతిష్ఠల కోసమైతే ఇంత కాగితం ఖరాబు చేసేదాన్ని కాదు. మా అమ్మ, అదే మీ అవ్వ సంగతి రాస్తున్నాను, కూర్చుని చదువు.

మీ మామ పెంచలప్రసాద్ ఫోన్లో అవ్వ నీ వీడియో చూసింది. ఒకసారి కాదు, పల్లెలో వచ్చినవాళ్లకీ పోయినవాళ్లకీ చూపించింది. మా మనవడు, మా కూతురు అని. తర్వాత ఇన్సులిన్ సూది మానేసింది. మామ అడిగితే, మీ అక్కకి మందుల్లేకుండానే పోయింది గదరా, నా మనవడి ప్రార్థన ఊరందరికీ పని జేసి నాకు జెయ్యదా అన్నదంట. నువ్వు పంపిన నూనె పాదానికి రాసుకుంటూ కూర్చుంది. వేలి కింద పుండు ఎప్పుడు పడిందో ఆమెకే తెలియదు, షుగర్ కాలికి నొప్పి ఉండదు. పోయిన శుక్రవారం పిలిస్తే పలకడం లేదని మామ ఆటోలో వేసుకుని ఉదయగిరి తెచ్చినాడు. ఆసుపత్రిలో వేలు గుచ్చి చూస్తే మిషన్‌లో అంకె రాలేదు. అంకెలు దాటిపోయిందని రెండు అక్షరాలు మాత్రం వచ్చినాయి.

సెలైన్ పెడుతున్న నర్సమ్మ నా మొహం చూసి గుర్తుపట్టింది. మేడమ్, మీరు వీడియోలో మేడమ్ గదా, మాయమ్మకి కూడా చూపించినా అన్నది, సంతోషంగా. నాకు అక్కడే భూమిలోకి పోవాలనిపించింది. మీయమ్మ మాత్రలు వేసుకుంటోందా అని అడిగినాను. ఆ పిల్ల మొహంలో నవ్వు పోయింది. ఏమో మేడమ్, అడగాలి అన్నది.

ఇప్పుడు చెప్పు. ఒక్క మీ అవ్వ అయితే మన ఇంటి సంగతి. ఆ వీడియో ఎంతమంది అమ్మల దగ్గరికి పోయింది? నువ్వు లెక్కపెట్టుకుని మురిసిపోయేది చూసినవాళ్లని. నేను భయపడేది మానేసినవాళ్లని. మన తాతల దగ్గరికి ఈ మతం తెచ్చినవాళ్లు బైబిలుతో పాటు మందుల పెట్టె కూడా తెచ్చినారు, పెట్టె పారేసి రమ్మని ఎవరూ చెప్పలేదు. నువ్వు ఏ చదువు చదువుకుని ఆ రెంటినీ విడదీసినావు?

అవ్వ ఇప్పుడు మా ఇంట్లో ఉంది. నా మంచం ఆమెది, నేను కింద చాప మీద. పొద్దున్నే పాత కీర్తనలు పాడుతుంది, నా సంగటికి వంకలు పెడుతుంది. ఇది మనుషులు తినేదేనా, మీ బడిలో పిల్లోళ్లకి కూడా ఇదే పెడతారా అంటుంది.

నా షరతులు రాస్తున్నాను. వచ్చే ఆదివారం ఆరాధనలో, అదే మైకులో, కోయని వీడియో మొత్తం వెయ్యి. మా అమ్మ మాత్రలు వేసుకుంటోంది, మీరూ వేసుకోండి, నేను కోసింది తప్పు అని నీ నోటితో చెప్పు. ఫోన్లో పెట్టినదాన్ని తీసేసి ఊరుకుంటే ఒప్పుకోను. తీసేస్తే చూసినవాళ్ల తలల్లోంచి పోదు. నువ్వు చెయ్యకపోతే నేను శనివారమే సైకిలెక్కుతాను, చుడీదారేసుకునే, పట్టపగలే. ఆదివారం మీ మందిరం గుమ్మంలో స్టాండు వేస్తాను. పాటలైపోయినాక, సాక్ష్యాలు చెప్పేవాళ్లు లేవొచ్చు అంటావు గదా, లేస్తాను. లేచి చెప్పే హక్కు ఎవరికైనా ఉందని మీ సంఘం కట్టుకున్న పద్ధతే. పాస్టరు తల్లికి లేదంటావా? మైకు లాక్కుంటే మైకు లేకుండా చెప్తాను. ఇన్నేళ్లుగా కిక్కిరిసిన తరగతికి చెప్పిన గొంతు ఇది.

దివ్యశ్రీని అడిగినట్టు చెప్పు. ఉపవాసాల్లో మంచినీళ్లు తాగు.

ఇట్లు,
నీ తప్పు కప్పిపెట్టని నీ తల్లి,
సుకుమారి.

తా.క.: కవరు అంటించి మళ్లీ విప్పినాను. అవ్వ మా ఇంట్లో ఉందని రాసినాను, అది నిజం. కోలుకుంటోందని నువ్వు అనుకునేట్టు రాసినాను, అది నిజం కాదు. ఆసుపత్రి నుంచి వచ్చినకాడి నుంచి ఆమె సూది వెయ్యనివ్వడం లేదు. చెయ్యి దుప్పటి కిందికి లాక్కుంటుంది. పదో తరగతి పిల్లలకి చెప్పినట్టు బొమ్మ గీసి చెప్పినాను. బొమ్మ బాగుండాది, పోయి పడుకో అన్నది. నా మాత్రల అట్ట ముందర పెట్టి, ఇదిగో నేను మింగతానే ఉండానమ్మా అని ఏడ్చినాను. నువ్వెప్పుడూ ఎదురు మాట్లాడే రకమే, దేవుడి పేరు చెప్పి వీడియోలో చెప్పిందే నిజం అన్నది. నా మొహమే నాకు అడ్డం వచ్చి కూర్చుంది. వాడికి తెలియనివ్వబాకండి, పిల్లోడి పరిచర్యకి మచ్చొస్తుంది అని మామ చేత నా చేత ఒట్టు వేయించుకుంది. ఆ ఒట్టు ఇప్పుడు తప్పుతున్నాను.

వేలు నల్లబడింది. ఇంకా ఆలస్యమైతే నెల్లూరు తీసుకుపోయి పాదం తీసెయ్యాలంటున్నారు, పాదంతో ఆగుద్దని కూడా చెప్పలేమంటున్నారు. ఆదివారం సంగతి ఆదివారం చూసుకుందాం, పైన రాసిన షరతు ఒక్కటి కూడా వెనక్కి తీసుకోవడం లేదు. ముందు ఇది అందగానే బస్సెక్కు. ఉపవాసంలో ఉంటే ఉపవాసంతోనే రా. నూనె తేబాక. ఆమె చెయ్యి దుప్పటి కిందినుంచి బయటికి తీసి, అవ్వా, అమ్మ చెప్పిన మాటల్లో సగం నేనే కోసేసినాను అని చెప్పు. సూది నేను వేస్తాను. సూది వెయ్యడం నాకొచ్చు, నమ్మించడమే నా వల్ల కాలేదు.