గోస్ ఆఫ్ అంటే

తమ్ముడూ,

మీ బావకి కళ్లు ఇంకా తెరుచుకోవడం లేదు. చూపు వస్తుందనే డాక్టరు అంటున్నాడు గానీ, నా మొహం చూసి చెప్పడం లేదు.

మా కోల్డ్ స్టోరేజీ తలుపు మీద ఇంగ్లీషు బోర్డు ఒకటి ఉంది. 'అలారం గోస్ ఆఫ్' అయితే అందరూ బయటికి వెళ్లిపోవాలని దాని సారాంశం. మొన్న మధ్యాహ్నం అలారం మోగింది. పెట్టెలు వదిలేసి లేచాం. సూపర్‌వైజరు అడ్డం నిలబడ్డాడు.

"ఆఫ్ అయితే కదా వెళ్లమంది! మోగుతోందంటే అంతా సవ్యంగా ఉన్నట్టే. కూర్చోండి."

లైటు ఆఫ్, ఫ్యాను ఆఫ్ తెలిసినవాళ్లం కదా, నిజమే కాబోలనుకున్నాం. ఇంతలో చల్లదనానికి వాడే అమోనియా గొట్టం పగిలి ఘాటైన గ్యాసు కమ్మేసింది. మీ బావ నన్ను బయటికి తోసి, మిగతావాళ్ల కోసం మళ్లీ లోపలికి వెళ్లాడు.

ఆ మాటకి మోగడం అనే అర్థం ఉందని ఆసుపత్రిలో నర్సమ్మ చెప్పింది. "పాలు విరిగినా, బాంబు పేలినా అదే మాటంటారమ్మా" అంది. నువ్వు పిల్లలకు ఇంగ్లీషు చెప్పేవాడివి. నిజమైతే ఆ సంగతి తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి, నువ్వే పట్టుకుని రా. నేను చెబితే సూపర్‌వైజరు, "నర్సు దగ్గర నేర్చుకున్న ఇంగ్లీషా?" అని నవ్వాడు.

నవ్వి ఊరుకున్నా బాగుండేది. గొట్టానికి అతుకు వేయించి, ఈ గోలంతా అలారం వల్లేనని దాని వైరు పీకించేశాడు. ఇవాళ అందరినీ మళ్లీ పనిలోకి పిలిచాడు. నేనూ వెళ్లక తప్పలేదు. ఇప్పుడే ఇంటికొచ్చాను. నా చీర అదే వాసన కొడుతోంది.

అలారం మాత్రం మోగలేదు.

మీ అక్క