ఓలేటా గారి నడుం మీద గడ్డ

ట్యాలో క్రీక్, టెక్సస్
1996 మార్చి 4

ఆబిలీన్‌లో తుపాకుల దుకాణం నడుపుతున్న హాలిస్ టీగ్ గారికి,

ఓలేటా బ్రాన్స్‌కమ్ రాస్తున్న ఉత్తరం. మీరు నన్నెరగరు. నాకు అరవై తొమ్మిదేళ్ళు. భర్త పోయాడు, మోకాళ్ళు ఇంకా పోలేదు. మా చర్చివాళ్ళ భోజనం వ్యాను నేనే నడుపుతాను. ఊరికి దూరంగా, గొడ్ల కొట్టాల మధ్య ఒంటరిగా ఉండే ముసలివాళ్ళకి మధ్యాహ్నం వేడివేడిగా తిండి అందిస్తాను.

పోయిన నెల, వాళ్ళలో ఒకరైన యూబ్యాంక్స్ గారి గేటు దగ్గర పళ్ళెం పట్టుకుని దిగానో లేదో, ఎవడో ముళ్ళపొదల్లోంచి వచ్చి నా సీట్లో కూర్చున్నాడు. చేతిలో కత్తి ఉంది. పళ్ళెంలో ఉన్న వేడి గ్రేవీ వాడి ఒళ్ళో బోర్లించాను. కేకలు పెట్టుకుంటూ పారిపోయాడు. బాగానే ఉంది కానీ, రోజూ గ్రేవీ ఉండదు కదా. మంగళవారం సలాడ్.

నాకు భయం వేసింది. దాచడం దేనికి, వేసింది. అయినా ఆ రోడ్డు మానను. అందుకని బట్టల కింద కనబడకుండా పెట్టుకునే చిన్న తుపాకీ కావాలి. కొత్త చట్టం ప్రకారం లైసెన్సు తీసుకుంటాను. ఒక్కటే షరతు, ఈ సంగతి మా ఊళ్ళో పిట్టకి కూడా తెలియకూడదు. చర్చి కమిటీకి పెద్ద గ్లెండా పర్విస్. ఎప్పటినుంచో ఆమె కన్ను నా వ్యాను మీదే ఉంది. నేను భయపడ్డానని తెలిస్తే, “అయ్యో సిస్టర్ ఓలేటా, ఈ వయసులో నీకెందుకమ్మా ఈ తిరుగుడు?” అంటూ తాళాలు పుచ్చుకుని తన మేనకోడలి చేతిలో పెడుతుంది.

ఫోను చేద్దామంటే మా ఇంట్లో రెండు ఫోన్లున్నాయి. ఒకటి నేనెత్తితే రెండోది మా ఆడపడుచు బెర్నడీన్ ఎత్తుతుంది. కనుక ఉత్తరమే.

ఇట్లు,
ఓలేటా బ్రాన్స్‌కమ్

తా.క. గులాబీ రంగువి చూపించొద్దు. నేను కొనేది తుపాకీ, పుట్టినరోజు కేకు కాదు.

*

ఆబిలీన్
మార్చి 9

గౌరవనీయులైన బ్రాన్స్‌కమ్ అమ్మగారికి,

మీ ఉత్తరం అందింది. నిశ్చింతగా ఉండండి. ఎవరేం కొన్నారో ఇంకొకరికి చెప్పకపోవడం మా నాన్న నాటినుంచీ ఈ దుకాణం ఆచారం. మా ఆవిడకి కూడా చెప్పను, ఆవిడ కొన్నది తప్ప.

మీలాంటివారికి ఐదు తూటాల చిన్న రివాల్వరు సరిగ్గా సరిపోతుంది. బొత్తిగా బరువుండదు. చేతిసంచిలో పడేసి, అక్కడుందన్న సంగతే మరిచిపోవచ్చు. కొనేముందు మాత్రం అంతే పొడవు, అంతే బరువున్న వస్తువేదైనా ఒంటికి కట్టుకుని కొన్నాళ్ళు తిరిగి చూడండి. ఎక్కడ గుచ్చుకుంటుందో, ఎక్కడ ఉబ్బుతుందో తెలుస్తుంది. తుపాకీ పోస్టులో పంపడం కుదరదు, మీరే రావాలి.

భవదీయుడు,
హాలిస్ టీగ్

తా.క. తుపాకీకి లోపల వేరే అర ఉన్న చేతిసంచులు వచ్చాయి. పైన పొద్దుతిరుగుడు పూలు కుట్టి ఉన్నాయి. ఆడవాళ్ళు ముచ్చటపడుతున్నారు.

*

ట్యాలో క్రీక్
మార్చి 19

హాలిస్ గారికి,

మరిచిపోవడానికి తుపాకీ దేనికండీ? మరిచిపోవడానికి నాకు కళ్ళజోడు ఉంది.

నా రెండు చేతుల్లో రెండు పళ్ళేలుంటాయి. సంచి వ్యానులో సీటు మీద ఉంటుంది. ఆ వెధవ వచ్చి కూర్చునేదీ ఆ సీటు మీదే. అంటే పూల సంచిలో పెట్టి, తుపాకీ నేనే వాడికి కానుక ఇచ్చినట్టు. ఒంటి మీద ఉండాలి హాలిస్ గారూ, ఒంటి మీద.

ఇక మీ తేలిక రివాల్వరు సంగతి. మా పక్క పొలం లూథర్ దగ్గర అలాంటిదే ఉంది. అతను మనుషులతో మాట్లాడడం మానేసి చాలా కాలమైంది కాబట్టి మాట బయటికి పోదని ధైర్యం చేసి అడిగి పేల్చాను. తేలికగా ఉన్నది అంత గట్టిగా తంతుందని మీరు రాయలేదేం? బొటనవేలు మొదట్లో నల్లగా కమిలింది. గురిపెట్టింది డబ్బాకి, తగిలింది లూథర్ నీళ్ళతొట్టికి. అప్పుడు లూథర్ నోరు విప్పాడు. కాస్త బరువున్న తుపాకీ అయితే ఆ తాపులో సగం అదే మింగుతుందని చెప్పి మళ్ళీ మూసుకున్నాడు.

మీరు చెప్పినట్టు కట్టుకుని కూడా చూశాను. ఇంట్లో అంత బరువున్నదేదని వెతికితే ఫ్రీజర్లో గడ్డకట్టిన క్యాట్‌ఫిష్ చేప దొరికింది. సంచిలో చుట్టి నడుముకి కట్టుకుని ఆదివారం చర్చికి వెళ్ళాను. పాస్టరు గారికి ఆవేళ ఆవేశం వచ్చి ప్రసంగం సాగదీశారు. చివరి పాటకి చేప కరగడం మొదలెట్టింది. నా వరసలో కూర్చున్నవాళ్ళు ఒక్కొక్కరే వెనక వరసకి పోయారు.

ఇట్లు,
ఓలేటా బ్రాన్స్‌కమ్

తా.క. ఇంటికొస్తుంటే దారిలో పిల్లులు వెంటపడ్డాయి. ఒకటి ఇప్పటికీ గుమ్మంలోనే ఉంది. హాలిస్ అని పేరు పెట్టాను.

*

ఆబిలీన్
మార్చి 25

బ్రాన్స్‌కమ్ అమ్మగారికి,

పిల్లి విషయంలో కృతజ్ఞుణ్ణి. చేప అని నేను రాయలేదని మాత్రం మనవి.

మీరు బరువున్నదే కావాలంటున్నారు. అంటే చిన్న సైజు పిస్టలు. అందులో ఓ చిక్కుంది. తూటా ఎక్కించాలంటే పిస్టలు పైభాగాన్ని వేళ్ళతో బిగించి వెనక్కి లాగాలి. మీ వయసు ఆడవారికి అది కష్టం. లైసెన్సు పరీక్ష రివాల్వరుతో పాసైతే రివాల్వరే పెట్టుకోవాలి. పిస్టలుతో పాసైతే ఏదైనా పెట్టుకోవచ్చు. ఫెయిలైతే మళ్ళీ గ్రేవీయే. నా మాట విని రివాల్వరుతో సరిపెట్టుకోండి.

అయినా మీ తృప్తి కోసం చెక్కతో చేసి లోపల సీసం పోసిన బొమ్మ పిస్టలొకటి, నడుముకి తగిలించుకునే ఒరతో సహా పంపుతున్నాను. వదులు చొక్కా వేసుకోండి. కింద పడినవి తీసేటప్పుడు నడుం వంచకండి, మోకాళ్ళు వంచండి. పైకి కనబడేలా పెట్టుకుంటే చట్టం ఒప్పుకోదు, ఇప్పటినుంచే అలవాటు చేసుకోవాలి.

భవదీయుడు,
హాలిస్ టీగ్

తా.క. ఆ పిల్లి ఏ రంగని మా ఆవిడ అడుగుతోంది. ఎందుకో చెప్పడం లేదు.

*

ట్యాలో క్రీక్
ఏప్రిల్ 8

నాయనా హాలిస్,

గారు మానేశాను. నీ చెక్కముక్క నా బతుకులో ఇంత దూరం దూరాక ఇంకా మర్యాదలేమిటి?

నీ చెక్క కట్టుకుని ఊరంతా తిరుగుతున్నాను. అది తుపాకీ అని ఒక్కరికీ అనుమానం రాలేదు. గడ్డ అనుకున్నారు.

మన మనుషుల సంగతి నీకు తెలియనిదా? ఒంటి మీద ఏదైనా కనబడితే అడగరు, అడగడం మర్యాద కాదు. చర్చిలో ప్రార్థన చెయ్యాల్సినవాళ్ళలో పేరు కలిపి, ఇంటికి కాసరోలు పంపుతారు. నూడుల్సూ చీజూ పోసి కాల్చిన గిన్నెలతో నా ఫ్రిజ్జు తలుపు పడడం లేదు. పోస్టు ఇచ్చే మనిషి నన్ను చూసి టోపీ తీశాడు. ఇన్నేళ్ళలో అతనికి బట్టతల ఉందని నాకు తెలియదు. గ్లెండా అయితే నన్ను కావలించుకుని, చెయ్యి నడుముకి తగలగానే, “ఎంత గట్టిపడిపోయిందమ్మా సిస్టర్!” అని భోరుమంది. నిజం కన్నీళ్ళే. ఆమెని తిట్టుకునే సుఖం కూడా నాకు లేకుండా చేసింది.

ఇప్పుడు అసలు సంగతి విను. నాకు విశ్రాంతి ఇవ్వాలని కమిటీ అనుకుంటోంది. ఈ నెలాఖరు బుధవారం సమావేశంలో తాళాలు తీసుకుంటారట. జబ్బు లేదంటే మరి ఆ గడ్డేమిటంటారు. చూపిస్తే భయపడ్డానని తెలుస్తుంది. ఎటు తిరిగినా తాళాలు పోతాయి. మేనకోడలు గ్యారేజీలోంచి కారు సరిగ్గా వెనక్కి తియ్యలేదు. ఆ గతుకుల రోడ్డు మీద యూబ్యాంక్స్ గారింటిదాకా ఆ పిల్ల వెళ్తుందా? ఆయన కళ్ళు కనబడవు, హాలిస్. వ్యాను చప్పుడు విని ముఖానికి నవ్వు తగిలించుకుని గుమ్మంలోకి వస్తాడు.

ఇట్లు,
కోపంగా ఉన్న ఓలేటా

తా.క. నా సమాధి రాయి ఏ రంగుదైతే బాగుంటుందని బెర్నడీన్ ఫోనులో ఎవరితోనో చర్చిస్తోంది. ఈసారి రెండో ఫోను నేనెత్తాను.

*

ఆబిలీన్
ఏప్రిల్ 13

ఓలేటా అమ్మగారికి,

మీ పేరు మా చర్చి ప్రార్థనల్లోకీ వచ్చేసింది. మా ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ పెకాన్ గింజలు పోసి తీపి రొట్టె కాల్చి మీకు పోస్టులో పంపింది. అలా కాదే అని చెబుదామంటే దుకాణం ఆచారం అడ్డొచ్చింది.

నాకు ఒక్క దారే కనబడుతోంది. చెక్క తీసేసి చిన్న రివాల్వరుకి మారండి. గడ్డ కరిగిపోయింది, ప్రార్థనలు ఫలించాయి అనండి. ఊరూ సంతోషిస్తుంది, తాళాలూ మిగులుతాయి.

భవదీయుడు,
హాలిస్ టీగ్

తా.క. ఒకవేళ నిజంగానే ఏదైనా గడ్డ ఉంటే మాత్రం దయచేసి డాక్టరుకి చూపించండి. ఊరంతా అంటుంటే నాకూ ఏదోలా ఉంది.

*

ట్యాలో క్రీక్
ఏప్రిల్ 25

హాలిస్,

దేవుడి పేరు మీద అబద్ధం ఆడమంటావా? అదీ చెక్కముక్క కోసం? సిగ్గులేదూ?

శనివారం మీ ఊళ్ళో పరీక్షకి వచ్చాను. అక్కడి మాస్టారు, “పిస్టలు పైభాగం లాగడం మీవల్ల కాదేమోనమ్మా, రివాల్వరు ఇమ్మంటారా?” అన్నాడు. ఇవి పెళ్ళయిన నాటినుంచీ రొట్టెల పిండి పిసికిన చేతులు. ఒక్క గుంజు గుంజాను. కాల్చడం అయ్యాక మాస్టారు నేను గురిపెట్టిన కాగితం గోడకి అంటించి, మిగతా మగవాళ్ళని దగ్గరికొచ్చి చూడమన్నాడు. అక్కడినుంచి తిన్నగా నీ దుకాణానికి వచ్చాను. కౌంటరు మీద మళ్ళీ ఆ రివాల్వరే పెట్టావు. నేను మాత్రం నా చిటికెన వేలు గాలిలో వేలాడకుండా పిడి మీద ఆనే పిస్టలే ఎంచుకున్నాను. నీ ముఖం చూడ్డానికే అంత దూరం రావచ్చు.

లైసెన్సు వచ్చేదాకా పిస్టలు పెట్టెలో తాళం వేసి ఉంది. బుధవారం సమావేశానికి నీ చెక్కతోనే వెళ్ళాను. గ్లెండా నా భుజం మీద చెయ్యి వేసి, “తాళాలు ఇటిచ్చి హాయిగా పడుకో సిస్టర్, మేమందరం లేమూ?” అంది. నేను తాళాలు తీసి బల్ల మీద పెట్టాను. పక్కనే నా గడ్డ కూడా తీసి పెట్టాను. ఎవరో కెవ్వుమన్నారు. పాస్టరు గారి కాఫీ ఒలికింది.

“చెక్కమ్మా, చెక్క! చూడండి, తట్టి చూడండి. నాకు జబ్బు లేదు. భయం ఉంది. ఆ రోడ్డు మీద కత్తి పట్టుకుని ఒకడు నా వ్యానెక్కాడు. ఆ రాత్రంతా దీపం ఆర్పలేదు. మర్నాడు వెళ్ళానా లేదా? వెళ్ళాను. భయపడ్డవాళ్ళు ఇంట్లో కూర్చోవాలని ఎక్కడుంది? నేనాగితే యూబ్యాంక్స్ గుమ్మంలోకి ఎవరొస్తారు? చెప్పండి, నీ మేనకోడలొస్తుందా గ్లెండా? తాళాలు తీసుకుంటే తీసుకోండి. రేపు నా సొంత కారులో సొంత వంట పెట్టుకుని వెళ్తా. నన్నెవరాపుతారో చూస్తా!”

గ్లెండా తాళాలూ, చెక్కా రెండూ తన సంచిలో వేసుకుని బయటికి నడిచింది. ఇవాళ నా కారులోనే వెళ్ళాను. ఏడుస్తూ వెళ్ళాను, అదీ రాస్తున్నాను. రేపూ వెళ్తాను.

ఇట్లు,
ఓలేటా

తా.క. సమావేశం పూర్తవకముందే ఇద్దరు తమ కాసరోలు గిన్నెలు తిరిగి అడిగారు.

*

ఆబిలీన్
ఏప్రిల్ 27

ఓలేటా అమ్మగారికి,

నిన్న మధ్యాహ్నం మీ చర్చి వ్యాను వచ్చి నా దుకాణం ముందు ఆగింది. మీరే అనుకుని ఎదురు వెళ్ళాను. ఎర్ర కోటు వేసుకున్న ఒకావిడ దిగి, లోపలికొచ్చి, నా చెక్క పిస్టలు కౌంటరు మీద టక్కున పెట్టారు. దాని అడుగున ఉన్న మా దుకాణం ముద్ర చూపించి, “నేను గ్లెండా పర్విస్‌ని. ఇది చేసింది నువ్వేనా?” అన్నారు. అయిపోయాననుకున్నాను. దుకాణం ఆచారం గుర్తొచ్చి నోరెత్తలేదు.

ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చున్నారు. “ఓలేటా ఆ రోడ్డెక్కిన ప్రతిరోజూ నేను కిటికీ దగ్గర కూర్చుంటానయ్యా, వ్యాను తిరిగొచ్చేదాకా. ముద్ద దిగదు నాకు. ఆ తాళాలు లాక్కుందామన్నది అందుకే. మేనకోడలు పోతే పోతుంది, దానికి వయసుంది, పరిగెత్తగలదు. ఈ మొండిదానికి ఏమైనా అయితే నేనెవరితో పోట్లాడను?” అన్నారు. కాసేపు ముక్కు చీదుకున్నారు. తరవాత కమిటీ నిర్ణయం చెప్పారు. వ్యాను మీదే. కాకపోతే ఇకనుంచి ఆ రోడ్డు మీద ఎవరూ ఒంటరిగా వెళ్ళకూడదు. సోమవారం నుంచి మీరు నడుపుతారు, మీ పక్క సీట్లో పర్విస్ గారు కూర్చుంటారు. రోజూ.

ఆ మాట మీతో తామే చెప్పవచ్చు కదా అన్నాను. “నేనా? ఆమెతోనా? నువ్వే రాయి. స్టాంపు కమిటీ ఇస్తుంది” అన్నారు. అందుకే రాస్తున్నాను. లైసెన్సు పరీక్షకి ఆవిడ తన పేరు కూడా ఇచ్చారు. ధైర్యంగా ఉండండి.

భవదీయుడు,
హాలిస్ టీగ్

తా.క. మీరు కొన్నది ఏ సైజని పర్విస్ గారు అడిగారు. దుకాణం ఆచారం ప్రకారం చెప్పకూడదన్నాను. “సరే, చెప్పకు. దానికంటే ఒక సైజు పెద్దది చూపించు” అన్నారు.